నేను చేసిన తలుపు.. బావురుపిల్లి తీసింది!

మా నాయనమ్మకు బ్యాంకు ఖాతా ఉంది. ఏటీఎం కార్డు కూడా ఉంది. కానీ ఆవిడ నమ్మే బ్యాంకు మాత్రం పెరట్లో ఉన్న కోళ్లగూడే. గుడ్లు, పిల్లలు, పండక్కి అమ్మే పుంజులు.. ఆ డబ్బుకు ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు పరీక్ష ఫీజుకు రేపే ఆఖరిరోజని రాత్రిపూట గుర్తొచ్చింది. నాన్న ఊళ్లో లేడు. తెల్లారేసరికి రెండు పెట్టల్ని అమ్మి డబ్బు నా చేతిలో పెట్టింది.

అలాంటి గూటికి పోయినేడాది నేను తలుపు చేశాను. సొంతంగా, నా చేతుల్తో. నాలుగు నెలలు తిరక్కుండానే పదకొండు కోళ్లలో ఏడు పోయాయి. ఆ తలుపు ఎందుకు ఓడిపోయిందో, దాని స్థానంలో వచ్చిన రెండో తలుపు ఎందుకు నిలబడిందో ఈ వారం చెబుతా. ఊళ్లో కోళ్లున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

ఎనిమిది నిమిషాల వీడియో

మాది పర్చూరు దగ్గర పల్లె. నేను బడికి వెళ్లే రోజుల్లో అది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారింది గానీ నేల అదే. ఎటు చూసినా నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ.

పోయినేడాది మే నెలంతా ఊళ్లోనే ఉండి ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం చేసుకున్నా. అప్పుడు చూశా, గూటికున్న తలుపుని. తలుపు అనడానికి కూడా లేదు. ఒక రేకు ముక్క, దానికి చుట్టిన తీగ, అది పడిపోకుండా ఆనించిన రాయి.

"నేను కొత్తది చేస్తా నాయనమ్మా."

"నీకు యాడ వచ్చురా తలుపు చెయ్యటం?"

ఫోన్ చూపించా. ఎనిమిది నిమిషాల వీడియో. ఏ దేశపు ఆయనో తెలీదు, పచ్చగడ్డిలో నిలబడి నవ్వుతూ తలుపు చేసేశాడు.

మా వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్ తోటలు బాగా వేస్తారు. ఆ కర్ర చౌక. సామిల్లులో నాలుగు బద్దలు కోయించా. నాలుగూ కలిపి చట్రం కొట్టి, దాని మీద కోడి జాలీ బిగించా. రెండు చిన్న బందులు, మధ్యలో ఒక గడియ. గూటి ముందు పాతిన రెండు గుంజల్లో ఒకదానికి తలుపు తగిలించి ఆకుపచ్చ రంగేశా. అద్దినట్టు కూర్చుంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టా. పెట్టినంతసేపూ లైకులే.

జూన్‌లో హైదరాబాద్ వెళ్లిపోయా. వానలు మొదలయ్యాయి.

"తలుపు కింద రాసుకుంటందిరా" అంది నాయనమ్మ ఫోన్లో.

"వానకి చెక్క ఉబ్బుంటుంది. ఎండ కాస్తే అదే సర్దుకుంటుంది" అన్నా, అన్నీ తెలిసినవాడిలా.

నెలాగి మళ్లీ చెప్పింది. "గడియ పడట్లా. తాడుతో కడతన్నా."

"వచ్చినప్పుడు చూస్తాలే నాయనమ్మా."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎందుకంటే నేను వెళ్లలేదు. ఆగస్టు ఆఖర్లో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగింది. ఆవిడ ఫోన్ చేసే టైం కాదది. "ఏడు పోయినయ్‌రా" అంది. తర్వాత ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

పోయినవాటిలో ఒకటి పొదుగుతున్న పెట్ట. కోడి పొదగడానికి 21 రోజులు పడుతుంది కదా. దానికి అది పదిహేడో రోజు.

దొంగ ఎవరు?

శుక్రవారం రాత్రి బస్సెక్కా. పొద్దున దిగేసరికి పెరట్లో పంచాయితీ నడుస్తోంది. ఒకరు ముంగిస అంటారు, ఒకరు కుక్క అంటారు. ముంగిస పగటి జంతువు. చీకటి పడితే కలుగులోకి పోతుంది. కుక్కయితే గూడు ముందు రచ్చ చేసి ఉండేది. తలుపు కింది మూల బయటికి వంగి ఉంది. గుప్పెడు సందు. అక్కడ జాలీ చిరిగి ఉంది, బురదలో పిల్లి అడుగులు, మామూలు పిల్లి కన్నా పెద్దవి. బావురుపిల్లి.

"రెండు గుళికలు మాంసంలో కలిపి పెడితే తెల్లారేసరికి తేలిపోద్ది" అన్నాడు మా బాబాయి. మిర్చి, పత్తి పండే ఊళ్లో పురుగుమందుకు కొదవేముంది!

నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆ మందు తిని వీధిలో కుక్క చచ్చుద్ది. దాన్ని తిని కాకి చచ్చుద్ది. ఈ పిల్లి పోతే ఇంకో పిల్లి వస్తది" అంది.

నిజమే. పైగా బావురుపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చంపితే కేసు. చేలల్లో ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసేదీ అదే. దాని ఆకలిని నేను మార్చలేను, నా తలుపుని మార్చుకోవాలి అంతే.

కానీ నాయనమ్మ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. "నాకిక కోళ్లొద్దులేరా. ఉన్న నాలుగూ అమ్మేస్తా. రేత్రిళ్లు లేచి చూసే ఓపిక లేదు."

డెబ్బై రెండేళ్ల మనిషి. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి కోళ్లు పెంచుతోంది. నా తలుపు వల్ల మానేస్తానంటోంది. అది మాత్రం నేను తట్టుకోలేకపోయా.

తలుపు చూడమంటే నేల చూశాడు

మా ఊళ్లో పెద్ద వడ్రంగి తాత ఉన్నాడు. ఇప్పుడు పని మానేశాడు. ఒకప్పుడు ఊరందరి నాగళ్లు, బండ్లు ఆయన చేతిలోవే. కూలి డబ్బుల్లో కాదు, కల్లాల దగ్గర మేర కింద గింజలు కొలిచేవాళ్లట. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చా. ఆయన నా తలుపుని చూడలేదు. దారానికి చిన్న రాయి కట్టి, గుంజ పైనుంచి కిందికి వేలాడదీశాడు. దారానికీ గుంజకూ మధ్య పైన అంగుళంన్నర తేడా.

"ఎప్పుడు పాతావు అబ్బాయ్?"

"మేలో తాతా."

"ఎంత లోతు?"

"అడుగు."

ఆయన నవ్వాడు. "మేలో మన నేల ఎట్టా ఉంటదో ఎప్పుడన్నా చూశావా?"

చూశా. చూసీ ఏనాడూ ఆలోచించలేదు. మే నెలలో మా చేలల్లో చెయ్యి దూరేంత బీటలు. జులైలో అవే బీటలు కనిపించవు. నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఏటా ఇదే తంతు. దానిలో ఉన్న మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం చేసే పని ఇది. ఇంజినీర్లు ఈ నేలను 'బ్లాక్ కాటన్ సాయిల్' అంటారు, మన పత్తి పేరే పెట్టి మరీ. ఇలాంటి నేలల్లో ఇళ్లు బీటలివ్వకుండా ఉండటానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున గంటలా వెడల్పయ్యే ప్రత్యేకమైన పునాది స్తంభాలనే రూపొందించింది. మేడలకే అంత అవసరమైతే, అడుగు లోతున పాతిన నా గుంజ ఎంత?

అంటే నాయనమ్మ "తలుపు రాసుకుంటంది" అన్నప్పుడు ఉబ్బింది చెక్క ఒక్కటే కాదు, కాళ్ల కింద నేల కూడా. ఒక గుంజ ఒకవైపు ఒరిగింది, రెండోది ఇంకోవైపు. మధ్యలో తలుపు ఇరుక్కుంది. గడియ చిల్లుకి అందకుండా పోయింది. వీడియోలో ఆయనకు ఆ సమస్య లేదు. ఆయన నేల వేరు.

"మన ఇళ్లకి గడప ఎందుకో తెలుసా?" అన్నాడు తాత.

"పసుపు పూయడానికి" అన్నా, నవ్వుతూ.

"పసుపు తర్వాత. ముందు రెండు కాళ్లనీ కలిపి కట్టడానికి. నీ తలుపుకి గడప ఏదీ?"

లేదు. నేను రెండు గుంజలు పాతి వదిలేశా. పైన కలపలేదు, కింద కలపలేదు. నాలుగు వైపులా బిగించిన ద్వారబంధం ఉంటే, నేల కదిలినా నాలుగూ కలిసి ఒకేలా కదులుతాయి. తలుపు వాటితోపాటే కదులుతుంది. ఇరుక్కోదు.

ఒక్క అడ్డపట్టె

తర్వాత నా తలుపుని కిందపెట్టి, ఒక మూల పట్టుకుని నెట్టాడు. చట్రం మొత్తం పక్కకి వాలింది. మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లల్ని గుండుసూదులతో చదరంగా కలపండి. వేలితో నెడితే వాలిపోతుంది. మూడు పుల్లల్ని త్రికోణంగా కలపండి. ఎటు నెట్టినా వంగదు. తలుపులో కర్ణం వెంట ఒక పట్టె వేస్తే ఆ చదరం రెండు త్రికోణాలవుతుంది. అంతే రహస్యం.

కానీ ఆ పట్టె ఎటు నుంచి ఎటు వేయాలి? దీన్ని చాలామంది తిరగేస్తారు. బందులున్న వైపు కింది మూల నుంచి, గడియ ఉన్న వైపు పై మూలకి. తలుపు బరువంతా గడియ వైపు కిందికి జారాలని చూస్తుంది. ఇలా వేసిన పట్టె ఆ బరువుని భుజం పెట్టి పైకి నెట్టినట్టు మోసి, కింది బందుకు అప్పజెబుతుంది. తిరగేసి వేస్తే పట్టె మీద లాగుడు పడుతుంది. చెక్క లాగుడుకి తట్టుకున్నా, దాన్ని పట్టుకున్న మేకులు తట్టుకోవు. కొన్నాళ్లకు ఊడి వస్తాయి.

చట్రం నలుమూలలూ సరిగ్గా ఉన్నాయో లేదో మూలమట్టం లేకపోయినా తెలుసుకోవచ్చు. టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే సరిగ్గా ఉన్నట్టు. మా తలుపు 24 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు. పైథాగరస్ లెక్క ప్రకారం కర్ణం 48 అంగుళాల మూడు నూళ్లు రావాలి. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నేను ఫోన్లో లెక్కేసి చెప్పా. తాత అప్పటికే తాడుతో రెండు కర్ణాలూ చూసేసి, "సరిపోయిందిలే" అన్నాడు.

రెండో తలుపు

పాత దూడలపాకకి ఒక వేపచెక్క తలుపు ఉండేది. పాక కూలినా చెక్క చెక్కుచెదరలేదు. ఏళ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి కొత్తగా కుంచించుకుపోయేది పెద్దగా ఏమీ ఉండదు. వేప చేదుకి చెద తొందరగా దగ్గరకు రాదు. నా సుబాబుల్ బద్ద అడుగున నాలుగు నెలలకే చెదమట్టి కనిపించింది. దాన్నే చీల్చి చూపించాడు తాత, లోపలంతా గుల్ల.

గుంజలకు నల్లతుమ్మ. మా వైపు బండిచక్రాలకు వాడిన కర్ర అది. నేలలో ఉండే భాగాన్ని మంటలో పైపైన కాల్చి నల్లగా బొగ్గు చేశాం. రెండున్నర అడుగుల గొయ్యి తీసి, తవ్విన నల్లమట్టి పక్కనపెట్టేసి, గ్రావెల్ వేసి దట్టించాం. పైన నీళ్లు నిలవకుండా మట్టిని వాలుగా సర్దాం. గుంజల మధ్య పైన ఒక పట్టె, కింద గడప. గడప కింద నాపరాయి పలక పరిచాం, ఏదీ తవ్వుకుని రాకుండా. గడప నాలుగంగుళాలు ఎత్తుగా ఉంటే గూట్లో పరిచిన ఊక బయటికి రాదు, తలుపు కింద చిక్కుకోదు.

తలుపు మొత్తం చెక్కతో మూసేద్దామన్నా నేను, భయంతో. "అప్పుడు పిల్లి చంపదు, ఎండ చంపుద్ది" అన్నాడు తాత. అవును కదా. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దానికున్న ఏసీ. రెంటచింతల పేరు టీవీలో వినపడే ఎండల్లో, గాలాడని గూట్లో కోళ్లు బతకవు. రెట్ట వాసనకి అమ్మోనియా కూడా పేరుకుంటుంది. అందుకే కింది అడుగున్నర చెక్క, పైన జాలీ. పిల్లి పంజా అందే ఎత్తులో చెక్క, గాలి కావాల్సిన చోట సందు.

జాలీ కూడా మార్చాం. ఆరు మూలల గళ్లుండే సన్నటి జాలీని కోడి బయటికి పోకుండా ఆపడానికి చేశారు. లోపలికి రావాలనుకునే పిల్లిని ఆపడానికి కాదు. ఈసారి అరంగుళం గళ్ల వెల్డ్ మెష్. దాన్ని చట్రానికి లోపలివైపు పెట్టి, పైన బద్ద వేసి స్క్రూలు బిగించాం.

ఇక బిగింపులు. చిన్న బందులు తీసేసి పొడుగు పట్టీ ఉన్న టీ బందులు పెట్టాం. మేకులు కాదు, స్క్రూలు. అడ్డపట్టె దగ్గర మాత్రం తాత పొడుగు మేకులు కొట్టి, అవతల వచ్చిన మొనల్ని చెక్కలోకి మడిచేశాడు. మడిచిన మేకు వెనక్కి రాదు. గడియ ఒకటి కాదు, రెండు. పైనొకటి, కిందొకటి. నేను పెట్టినట్టు మధ్యలో ఒక్కటే పెడితే, కింది మూలను నెడితే వంగుతుంది. పిల్లి కనిపెట్టింది సరిగ్గా అదే.

చివరగా తలుపు చుట్టూ సందు. నేను అద్దినట్టు కూర్చోబెట్టి మురిసిపోయా కదా. తాత రెండు పక్కలా, పైనా రెండేసి నూళ్లు, కింద మూడు నూళ్లు వదిలాడు. "ఇప్పుడు నేల ఉబ్బుంది. ఎండాకాలం కుంగుద్ది. దానికీ కాస్త చోటియ్యాలి" అన్నాడు. ఆ సందులోంచి ఏదీ లోపలికి తొంగిచూడకుండా, తలుపు ఆనుకునేలా ద్వారబంధానికి లోపలివైపు సన్నటి బద్ద కొట్టాడు.

చెదకి మందుగా వేటపాలెం నుంచి తెచ్చిన జీడినూనె పూశాం. జీడిపప్పు పెంకుల నుంచి తీసే నూనె. గుర్తుంచుకోండి, అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. గుంజలకూ, తలుపు బయటివైపుకూ మాత్రమే పూసి, బాగా ఆరేదాకా నాలుగు కోళ్లనీ గంప కింద మూశాం. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమని కొందరు చెబుతారు. కోళ్లు చెక్కని పొడుస్తాయి కాబట్టి దాని జోలికి పోకపోవడమే మంచిది.

రెండు రోజుల పని. తాత కూర్చుని చెప్పాడు, నేను కోశాను, చిత్రిక పట్టాను, బర్మాతో చిల్లులు వేశాను. నా అరచేతుల్లో నాలుగు పొక్కులు. ఈసారి స్టేటస్ పెట్టలేదు.

నాయనమ్మ పరీక్ష

సాయంత్రం నాయనమ్మ వచ్చింది. ఏమీ మాట్లాడకుండా కింది మూల పట్టుకుని రెండు చేతుల్తో లాగింది. పైమూల పట్టుకుని లాగింది. కాలితో ఒక తన్ను తన్నింది. తలుపు కదల్లేదు. "చూద్దాంలే" అని లోపలికి వెళ్లిపోయింది. కోళ్లు అమ్మేస్తానన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నేను హైదరాబాద్ వచ్చాక కూడా రోజూ రాత్రి ఫోన్ చేసేవాణ్ని. ఆవిడ బాగోగుల కన్నా ముందు తలుపు సంగతి అడిగేవాణ్ని. తొమ్మిదో రోజు చెప్పింది. "రేత్రి వచ్చిందిరా. చెక్క మీద గోళ్ల గీతలున్నయ్. కాసేపు గీరి పోయినట్టుంది."

"కోళ్లు?"

"నాలుగూ ఉన్నయ్. ఇంకో ఆరు పిల్లల్ని కొన్నా నిన్న సంతలో."

ఆ తలుపు ఇప్పటికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసింది. మొన్న వెళ్లినప్పుడు దారానికి రాయి కట్టి కొలిచా. ద్వారబంధం మొత్తం మూడు నూళ్లు ఒరిగింది. నేల తన పని తను చేసింది. అయినా గడియలు రెండూ ఒక్క వేలితో పడుతున్నాయి. ఇప్పుడు గూట్లో పద్నాలుగు కోళ్లున్నాయి, రెండు పెట్టలు పొదుగుతున్నాయి.

మీ ఇంట్లోనో, మీ అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనో కోళ్లగూడు ఉంటే ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. చీకటి పడ్డాక తలుపు వేసి, కింది మూల పట్టుకుని గట్టిగా లాగండి. మీ గుప్పెడు లోపలికి దూరిందంటే పిల్లికి కూడా దారి ఉన్నట్టే. ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్లో "తలుపు రాసుకుంటంది" అంటే, "వచ్చినప్పుడు చూస్తాలే" అనకండి. ఆ వారమే బస్సెక్కండి.